మాట మాటకీ బూతు వస్తోంది, ఎలా మానాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: వయసు 26, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, హాస్టల్ రోజుల నుంచీ మాట మాటకీ బూతు అలవాటు. మొన్న ఆఫీసు కాల్‌లో మ్యూట్‌లో ఉన్నాననుకుని ఒక మాట అనేశారు, టీమ్ మొత్తం విన్నది. మూడు నెలల్లో పెళ్ళి. "ఎంత ఆపుకున్నా ఆగట్లేదు. అసలు దీనివల్ల నిజంగా అంత నష్టం ఉందా? ఉంటే ఎలా మానాలి?" అన్నారు.

నేను సైట్ సూపర్‌వైజర్‌ని. మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి 2002లో హైదరాబాద్ వచ్చాను. అప్పటి నుంచీ ఇళ్ళు, అపార్ట్‌మెంట్లు కట్టించడమే పని. మీ అలవాటు నాకూ పదిహేనేళ్ళకి పైగా ఉండేది. ముందు నష్టం సంగతి చెప్తాను. అది అర్థమయ్యేదాకా నేనైతే మానాలని గట్టిగా అనుకోనే లేదు.

2017లో మియాపూర్ దాటాక ఒక ఇంటికి రెండో స్లాబ్ పోస్తున్నాం. పైన కాంక్రీటు పడుతున్నంతసేపూ కింద ఒక మనిషి ఉండాలి. తడి కాంక్రీటు కింద పరిచిన సెంట్రింగ్ షీట్లని మోసే జాకీలు, అంటే నిలువు ఇనుప గొట్టాలు, ఎక్కడైనా వదులయ్యాయా, పక్కకి జరిగాయా అని చూసుకుంటూ, వదులైనవి బిగిస్తూ తిరగాలి. ఆ రోజు కింద ఉన్న కుర్రాడికి ఇరవై ఏళ్ళుంటాయి, పాలమూరు వైపు వాడు. నేను మెట్ల దగ్గర నిలబడి ఉన్నాను. అతని వెనక ఒక జాకీ కింద పెట్టిన చెక్క జారింది, జాకీ ఒరుగుతోంది. నేను గొంతు చించుకుని అరిచాను. ఏమని? రోజూ అతన్ని ఏమని పిలుస్తానో అదే. వాళ్ళమ్మ మీద ఒక మాట, చివర "ఒరేయ్". అంతే. జాకీ అనలేదు, వెనక్కి చూడు అనలేదు, బయటికి రా అనలేదు. అతను అటు తిరిగే చెయ్యెత్తి "ఆఁ, వస్తున్న సార్" అని, బిగిస్తున్నది బిగిస్తూనే ఉన్నాడు. జాకీ వచ్చి భుజం మీద పడింది. స్లాబ్‌కి ఏమీ కాలేదు. అతనికి కాలర్ బోన్ విరిగింది.

ఆసుపత్రిలో చెయ్యి మెడకి కట్టి కూర్చోబెట్టారు. పక్కన కూర్చుని అడిగాను, అంత గట్టిగా అరిచాను కదా, ఎందుకు తిరిగి చూడలేదని. "మీరు రోజూ అట్లనే పిలుస్తరు కద సార్. పనికి పిలుస్తున్నరనుకున్న" అన్నాడు. అందులో నిష్ఠూరం కూడా లేదు. ఉన్న సంగతి చెప్పాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బూతులు మాట్లాడితే ఎదుటివాళ్ళు బాధపడతారని, మర్యాద పోతుందని చిన్నప్పటి నుంచీ విన్నదే, చెవికెక్కలేదు. నా మాట పనిచెయ్యడం మానేసిందని మాత్రం ఎవరూ చెప్పలేదు. సిమెంటు బస్తా చినిగినా అదే మాట, మనిషి ప్రాణం మీదికి వచ్చినా అదే మాట. విన్నవాడికి తేడా ఎలా తెలుస్తుంది? ఆ రెండు సెకన్లలో నా నోట్లో "జాకీ పడుతోంది, బయటికి రా" అనే వాక్యం ఉండాల్సిన చోట బూతు కూర్చుని ఉంది. తర్వాత గమనిస్తే నా మాటల్లో చాలా చోట్ల అదే జరుగుతోంది. ఏం కావాలో, ఏం తప్పు జరిగిందో, నాకేం భయమో చెప్పాల్సిన ప్రతిచోటా బూతు వచ్చి ఆ వాక్యాన్ని మింగేస్తోంది. అన్నవాడికి చెప్పేశాననిపిస్తుంది. విన్నవాడికి ఏమీ అందదు.

తర్వాత దీని గురించి చదువుతుంటే ఒక ప్రయోగం కనిపించింది. ఇంగ్లండ్‌లో కీల్ యూనివర్సిటీకి చెందిన రిచర్డ్ స్టీఫెన్స్ అనే సైకాలజిస్టు 2009లో విద్యార్థుల చేత మంచులా చల్లగా ఉన్న నీళ్ళలో చెయ్యి పెట్టించాడు. బూతు మాట అంటూ చెయ్యి ఉంచినవాళ్ళు, మామూలు మాట అంటూ ఉంచినప్పటికంటే ఎక్కువసేపు ఓర్చుకోగలిగారు. కాబట్టి వేలి మీద సుత్తి పడినప్పుడు నోట్లోంచి ఒక మాట వస్తే దాన్ని మహాపాపంలా చూడనక్కర్లేదు. అయితే 2011లో ఆయన బృందమే ఇంకో సంగతి బయటపెట్టింది: రోజంతా బూతులు మాట్లాడేవాళ్ళకి ఆ ఉపశమనం బాగా తగ్గిపోతుంది. అది చదివినప్పుడు నాకు ఆ కుర్రాడే గుర్తొచ్చాడు. మాట అరిగిపోతుంది. అన్నవాడికీ పనిచెయ్యదు, విన్నవాడికీ పనిచెయ్యదు.

"కోపం బయటికి కక్కేస్తే పోతుంది కదా" అని మీకు ఎవరైనా చెప్పి ఉంటే, దాన్నీ నమ్మకండి. అమెరికాలో బ్రాడ్ బుష్‌మన్ 2002లో చేసిన పరిశోధనలో, తమకి కోపం తెప్పించిన మనిషిని తలుచుకుంటూ బాక్సింగ్ సంచిని గుద్దినవాళ్ళకి కోపం ఇంకా పెరిగింది. ఏమీ చెయ్యకుండా ఊరికే కూర్చున్నవాళ్ళే నయం. నా అనుభవమూ అంతే. ఒక తిట్టుతో మొదలుపెట్టి శాంతించిన రోజు నాకు ఒక్కటి కూడా గుర్తులేదు. మొదటి తిట్టు రెండోదాన్ని పిలుచుకొస్తుంది.

ఇంకో నష్టం ఉంది, ఇది రాయడం నాకు కష్టం. మా నాన్న పోయేటప్పటికి అమ్మకి ముప్ఫై ఆరేళ్ళు. నేను ఇంట్లో దేన్నైనా విసుక్కుంటే "ముండ" అనేవాణ్ణి. ముండ మోటరు ఎక్కట్లేదు, ముండ ఫోను ఛార్జింగ్ నిలవట్లేదు, ఇలా. ఆ మాటకి అసలు అర్థం గుండు చేసిన విధవ. ముండమోపి అన్నా అదే. నాకు అర్థం తెలియదని కాదు, అనేటప్పుడు అర్థం తట్టేది కాదు. ఈ స్లాబ్ సంగతి జరిగాక నేను మారాలనుకుంటున్నానని ఇంట్లో చెప్తే, మా ఆవిడ అంది: "ఆ మాట విన్నప్పుడల్లా అత్తయ్య లేచి లోపలికి వెళ్తుంది. మీరు ఎప్పుడూ చూడలేదా?" చూడలేదు. నేను తిట్టింది మోటరుని. తగిలింది మా అమ్మకి, అదీ ఎన్ని వందల సార్లో.

మన తిట్లు ఒకసారి వరసగా తలుచుకోండి. ఎవడి మీద కోపమొచ్చినా తగిలేది వాడి తల్లికో, అక్కకో. లేదంటే విధవకి, కుంటివాడికి, గుడ్డివాడికి. కొన్ని కులాల పేర్లనే తిట్లుగా వాడే దరిద్రం కూడా మనకి ఉంది. అనేవాళ్ళలో సగం మందికి అది కులం పేరని కూడా గుర్తుండదు. దళిత, గిరిజన కులాలవాళ్ళని నలుగురి కంటబడే చోట కులం పేరుతో తిడితే 1989 నాటి అట్రాసిటీ చట్టం కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ళ దాకా జైలు. ఎదుటివాళ్ళకి ఇబ్బంది కలిగేలా పబ్లిక్‌లో బూతులు మాట్లాడటం కూడా నేరమే, 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో అది 296వ సెక్షన్. చట్టానికి భయపడి మానమని చెప్పడం లేదు. నోటికి అలవాటైన మాట ఎక్కడిదాకా తీసుకెళ్తుందో తెలిసి ఉండాలి కదా.

ఇక మీ "ఎంత ఆపుకున్నా ఆగట్లేదు" దగ్గరికొద్దాం. నేనూ ఇదే అనేవాణ్ణి. ఒక పెద్దమేస్త్రీ నన్ను ఒక్క మాట అడిగాడు: "ఓనర్ గారి ముందు ఎప్పుడైనా నోరు జారావా బాబూ?" ఒక్కసారి కూడా లేదు. పదిహేనేళ్ళలో ఒక్కసారి కూడా. ఆయన సైట్‌కి వచ్చిన గంటసేపూ నా నోట్లో ఒక్క బూతు లేదు, కారు గేటు దాటగానే మొదలు. అంటే ఆపే శక్తి నాలో ఉంది. నాకంటే కిందవాళ్ళ దగ్గర దాన్ని వాడాల్సిన అవసరం నాకు కనపడలేదు. ఇది ఒప్పుకోవడం నాకు సిగ్గుగా అనిపించింది, కానీ ధైర్యం కూడా ఇచ్చింది. మీరూ చూసుకోండి. కాబోయే మామగారి ముందు వచ్చిందా? మీ మేనేజర్‌తో ఎదురుగా మాట్లాడేటప్పుడు వచ్చిందా? రాదు. మ్యూట్‌లో ఉన్నాననుకుంటే వచ్చింది.

అలాగని ఇది కేవలం పట్టుదలతో పోయేది కూడా కాదు. మా మేనమామకి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కాలు పడిపోయాయి, మాట పోయింది. మంచినీళ్ళు కావాలన్నా సైగే. అలాంటి మనిషి నోట ఒక్క బూతు మాత్రం స్పష్టంగా వచ్చేది, విసుగొస్తే చాలు. ఇంటికొచ్చినవాళ్ళు ముఖాలు చూసుకునేవాళ్ళు, అత్తయ్య కుమిలిపోయేది. డాక్టరు చెప్పాక తెలిసింది, మాటలు కూర్చి వాక్యం చేసే భాగం మెదడులో ఎడమవైపు దెబ్బతింటే సొంతంగా మాట్లాడలేరు, కానీ ఎన్నో ఏళ్ళు వాడి వాడి ముద్దకట్టిపోయిన మాటలు వేరే దారిలో బయటికి వస్తాయి. 1861లో పాల్ బ్రోకా అనే ఫ్రెంచి డాక్టరు చూసిన రోగి కూడా ఇలాగే. "టాన్" అనే ఒక్క అక్షరం తప్ప పలకలేని మనిషి, కోపమొస్తే మాత్రం ఒక తిట్టు తిట్టేవాడు. బూతు అంత లోతుకి దిగిపోతుంది. మనం ఆలోచించి అనేది కాదు, తయారై కూర్చున్నది. అందుకే నోటి దాకా వచ్చాక పళ్ళు బిగబట్టి ఆపాలనుకుంటే ఓడిపోతాం. ఇంకా ముందే, అది బయల్దేరే చోట పట్టుకోవాలి.

పట్టుకోవాలంటే అది ఎప్పుడు వస్తోందో తెలియాలి. నేను చేసింది ఇదీ. సైట్‌లో బేబీ చిప్స్ ఉంటాయి, చిన్న కంకర. పొద్దున్నే ఇరవై రాళ్ళు లెక్కపెట్టి కుడి జేబులో వేసుకున్నాను. బూతు వచ్చినప్పుడల్లా ఒకటి తీసి ఎడమ జేబులో వెయ్యాలి. ఆపుకోవడానికి ప్రయత్నించకూడదు, లెక్క మాత్రమే. మొదటి రోజు పదిన్నర టీ రాకముందే కుడి జేబు ఖాళీ. ఆ ఒక్క ఉదయం నాకు చెప్పినంత ఇంకెవరూ చెప్పలేదు. ఒక వారం ఇలా లెక్కపెట్టాను. అప్పుడు రెండు సంగతులు తెలిశాయి. ఒకటి, పన్నెండు దాటి ఆకలేస్తున్నప్పుడు, కాంక్రీటు తెచ్చే రెడీమిక్స్ లారీ ఆలస్యమైనప్పుడు రాళ్ళు గబగబా మారిపోతున్నాయి. రెండోది అసలు నేను ఊహించనిది: చాలా రాళ్ళు మారింది కోపంలో కాదు. నవ్వుతూ, ఫోనులో ఫ్రెండ్‌ని పలకరిస్తూ, మాటకీ మాటకీ మధ్య "మరీ", "అంటే" అన్నట్టుగా. కోపం తగ్గించుకుంటే బూతు తగ్గుతుందనుకుని నేను ఏళ్ళ తరబడి తప్పు చోట వెతికాను.

ఈ రెండు రకాలకీ మందు వేరు. కోపంలోదానికి బదులు మాట కావాలి, ఎందుకంటే అక్కడ లోపలి నుంచి ఒక ఊపు వస్తుంది, దానికి దారి ఇవ్వాలి. మన పెద్దవాళ్ళు ఎంత చక్కటి మాటలు ఇచ్చిపోయారు! "నీ ఇల్లు బంగారంగానూ", "నీ దుంప తెగ", "నీ తస్సాదియ్యా". మా నాయనమ్మ పాలు తాగేసిన పిల్లిని కూడా "నీ ఇల్లు బంగారంగానూ" అనే తిట్టేది. నేను దాన్నే పట్టుకున్నాను. గొంతు ఎంత పెంచినా ఆ మాట ఎవరినీ గుచ్చదు. పైగా పొడుగ్గా ఉంటుంది, అది అనేలోపు అసలేం చెప్పాలో తట్టే వ్యవధి దొరుకుతుంది.

మాటల మధ్య ఊరికే దొర్లే రకానికి బదులు మాట పెట్టకండి. అక్కడ ఆగండి, అంతే. ఒక్క క్షణం మౌనంగా ఉంటే ఏమీ కాదు. మొదట్లో వింతగా ఉంటుంది, ఫోనులో అవతలివాడు "హలో, ఉన్నావా?" అంటాడు కూడా. నాలుగైదు రోజుల్లో అలవాటవుతుంది.

అన్నిటికంటే నాకు ఎక్కువ పనిచేసింది పేర్లు. హాజరు పుస్తకంలో ఉన్న అందరి పేర్లూ నేర్చుకున్నాను. అంతకుముందు సగం మందిని ఊరి పేరుతోనో, తిట్టుతోనో పిలిచేవాణ్ణి. పేరుతో మొదలుపెడితే నోరు దానంతట అదే వాక్యం వైపు వెళ్తుంది: పేరు, ఏం జరిగింది, ఏం చెయ్యాలి. "తమ్ముడూ, ఆ మూల కడ్డీలకి కవర్ రాలేదు, బిళ్ళలు పెట్టు." బిళ్ళలంటే కడ్డీలు షీటుకి ఆనకుండా కింద పెట్టే చిన్న సిమెంటు ముక్కలు. వాక్యం ఇంతే పొడుగు. ఇదే మాటని ముందు తిట్టి చెప్తే అతను బిళ్ళలు పెట్టేవాడే, కానీ నేను అటు తిరగగానే రెండో మూల వదిలేసేవాడు. తిట్టకపోతే సైట్‌లో పని జరగదని నాకు నేర్పిన సీనియర్లు ఉన్నారు, వాళ్ళ మీద నాకు కోపం లేదు, వాళ్ళకీ ఎవరో అలాగే నేర్పారు. కానీ అది అబద్ధం. ఒడిశా నుంచి, బీహార్ నుంచి వచ్చిన పనివాళ్ళు మన భాషలో మొట్టమొదట నేర్చుకునేది తిట్లే అన్నది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. మనం వాళ్ళకి ఇచ్చిన తెలుగు అది.

జరిమానా డబ్బా గురించి కూడా ఎవరో ఒకరు చెప్తారు, తిట్టుకి పది రూపాయలు అని. నేను పెట్టాను, వారంలో తీసేశాను. డబ్బు కట్టేశాను కాబట్టి అనొచ్చులే అన్నట్టు తయారైంది మనసు.

మీ విషయంలో కంకర కుదరదు కాబట్టి టేబుల్ మీద రెండు కప్పులు, ఒకదాంట్లో పేపర్ క్లిప్పులు పెట్టుకోండి. రాసిన కోడ్ బిల్డ్ ఫెయిలైనప్పుడా, మీటింగ్ అయిపోయిన వెంటనేనా, ఒంటరిగా స్క్రీన్‌తో మాట్లాడేటప్పుడా, ఎప్పుడు మారుతున్నాయో చూడండి. ఇంకో చిన్న పని: ఫోను కీబోర్డు మీ బూతుల్ని నేర్చేసుకుని ఉంటుంది, రెండక్షరాలు కొట్టగానే మిగతాది అదే చూపిస్తుంది. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి అది నేర్చుకున్న పదాలు తుడిచెయ్యండి. టైప్ చేసే చెయ్యి కూడా నోరులాంటిదే.

అన్నిటికంటే కష్టం పాత ఫ్రెండ్స్. మా డిప్లొమా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో పలకరింపే బూతుతో మొదలవుతుంది. నేను మానేస్తే "ఏరా, పెద్ద పంతులువైపోయావా" అన్నారు. వాళ్ళని మార్చాలని చూడలేదు, నీతులు చెప్పలేదు. ఇద్దరికి మాత్రం ఫోన్ చేసి స్లాబ్ దగ్గర జరిగింది చెప్పాను. వాళ్ళు మళ్ళీ నన్ను ఏమీ అనలేదు. మీరూ ఒక్కరికైనా అసలు కారణం చెప్పండి.

ఎన్నాళ్ళు పడుతుంది అంటే, లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 2010లో ప్రచురించిన అధ్యయనంలో ఒక కొత్త అలవాటు కుదురుకోవడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా తేడా ఉంది. అదీ నీళ్ళు తాగడం, నడవడంలాంటి కొత్త పనులకి. నాకు ఎనిమిది నెలలు పట్టింది. మధ్యలో ఒక రోజు తప్పితే అంతా పోయినట్టు కాదని కూడా వాళ్ళే గమనించారు. నాకు కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో, అద్దాలు ఎక్కించి ఒక్కణ్ణే ఉన్నప్పుడు ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తుంది. వస్తే ఆ రోజు సైట్‌లో ఇంకాస్త జాగ్రత్తగా ఉంటాను.

కాబట్టి పెళ్ళిలోపు మానేస్తానని ఆ అమ్మాయికి మాటివ్వకండి. ఇలా ఒక అలవాటుంది, మానడానికి ఇది చేస్తున్నాను అని ముందే చెప్పండి. పెళ్ళయ్యాక కొత్త ఇల్లు, కొత్త వేళలు, కొత్త మనుషులు. పాత అలవాటుని పట్టిలాగే చోట్లు తక్కువగా ఉండే రోజులు అవి, వాడుకోండి.

ఒకటి మాత్రం వేరుగా చూడాలి. మాటతో పాటు వస్తువులు విసిరెయ్యడం, చెయ్యి లేవడం ఉంటే, లేదా మీ ప్రమేయం లేకుండా ముఖం, మెడ అదురుతూ మాట తన్నుకొస్తుంటే, అది నేను చెప్పినవాటితో పోయేది కాదు. ప్రమేయం లేకుండా మాట తన్నుకురావడం టూరెట్ అనే నరాల సమస్యలో కొద్దిమందికి జరుగుతుంది, తప్పు వాళ్ళది కాదు. డాక్టర్ని కలవండి. కోపం గురించి ముందు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

సోమవారం పొద్దున కప్పులో ఇరవై క్లిప్పులు వేసి మొదలుపెట్టండి. మధ్యాహ్నం భోజనానికి లేచేటప్పటికి ఎన్ని మిగిలాయో ఇక్కడ రాయండి, నేను చూస్తుంటాను.